నలభై తొమ్మిది డబుల్స్ వెనక ఒక దగ్గరి గోడ

1883లో అమెరికా బేస్‌బాల్ జట్టు షికాగో వైట్ స్టాకింగ్స్ ఆటగాడు నెడ్ విలియమ్సన్ 98 మ్యాచుల్లో 49 డబుల్స్ కొట్టాడు. డబుల్ అంటే ఫీల్డర్ల తప్పిదం లేకుండా, తన షాట్‌తోనే బ్యాటర్ రెండో బేస్‌కు (పరుగు కోసం వరసగా చుట్టాల్సిన నాలుగు మజిలీల్లో రెండోదానికి) చేరడం. అప్పటిదాకా ఆ జట్టు ఆడే నేషనల్ లీగ్‌లో ఎవరూ 40 కూడా అందుకోలేదు. తీరా మరుసటి ఏడాది విలియమ్సన్ డబుల్స్ 18కి పడిపోయాయి. ఫామ్ పోయిందేమో అనుకోవడానికి లేదు. 1883లో రెండే హోమ్ రన్స్ (ఒకే షాట్‌తో నాలుగు బేస్‌లూ చుట్టేయడం) కొట్టినవాడు, 1884లో ఏకంగా 27 బాదాడు.

కిటుకంతా మైదానంలో ఉంది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఇరుకు జాగాలో ఉండేది జట్టు సొంత మైదానం లేక్ ఫ్రంట్ పార్క్. ఎడమ, కుడి వైపుల గోడలు బ్యాటర్‌కు 200 అడుగుల దూరంలో కూడా లేవు. క్రికెట్ లెక్కలో 60 మీటర్ల బౌండరీ అనుకోండి. గోడ దాటిన బంతికి 1883లో రెండు బేస్‌లే ఇచ్చేవారు. 1884లో దాన్నే హోమ్ రన్‌గా లెక్కగట్టారు. ఆ 27లో 25 సొంతగడ్డ మీద కొట్టినవే. 1885లో జట్టు వేరే మైదానానికి మారింది, విలియమ్సన్ హోమ్ రన్స్ 3 దగ్గర ఆగిపోయాయి. అయినా ఆ 27 రికార్డును బేబ్ రూత్ 1919లో గానీ దాటలేకపోయాడు! పట్టికలు గోడల దూరం చెప్పవు మరి.

రూల్‌తో లాభపడినవాడు అంతకుముందూ ఒకడున్నాడు, రాస్ బార్న్స్. కొట్టిన బంతి మొదట మైదానం పక్క హద్దు గీత లోపల పడితే చాలు, తర్వాత బయటికి దొర్లిపోయినా అప్పట్లో చెల్లేది. బార్న్స్ బంతిని కావాలనే అలా నేలకేసి కొట్టేవాడు. అది గిర్రున తిరుగుతూ బయటికి పోతే ఫీల్డర్లు వెంటపడాల్సిందే. నేషనల్ లీగ్ తొలి సీజన్ 1876లో అతను, పాల్ హైన్స్, డిక్ హైయమ్ తలా 21 డబుల్స్‌తో సమానంగా నిలిచారు. 1877లో ఆ రూల్ తీసేశారు. అదే ఏడాది బార్న్స్ జబ్బుపడ్డాడు కూడా, కాబట్టి అతని పతనాన్ని పూర్తిగా రూల్ ఖాతాలో వేయడం అన్యాయం. నా దృష్టిలో విలియమ్సన్‌ది గోడ పుణ్యం, బార్న్స్‌ది మాత్రం చేతి పనితనం.

విలియమ్సన్ 49ని 1887లో దాటినవాడు అమెరికన్ అసోసియేషన్ అనే మరో లీగ్‌లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు ఆడిన కెనడావాడు టిప్ ఓనీల్. ఆ ఒక్క ఏడాదే బ్యాటర్‌ను అవుట్ చేయడానికి మూడు కాదు, నాలుగు స్ట్రైకులు (బ్యాటర్ కొట్టలేకపోయిన లేదా వదిలేసిన సరైన బంతులు) కావాల్సి వచ్చేది. ఆ వెసులుబాటు లీగ్‌లో అందరికీ ఉంది. 52 డబుల్స్, 19 ట్రిపుల్స్ (మూడో బేస్‌కు చేర్చే షాట్లు), 14 హోమ్ రన్స్‌తో మూడింటిలోనూ అగ్రస్థానంలో నిలిచినవాడు మాత్రం ఓనీల్ ఒక్కడే.