సిరొంచ లెక్క కాళేశ్వరంలో: మత్తు నివారణ డేటాపై అపోహలు – వాస్తవాలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. ఆ జిల్లాలోని సిరొంచ తాలూకాలో గోదావరి మీది వంతెన దాటితే తెలంగాణ, అక్కడ వైన్స్ లైసెన్సుతోనే నడుస్తాయి. ఈ మూలన తెలుగువాళ్ల మధ్య మత్తు నివారణ పని చేస్తున్నాను. ప్రభుత్వ సర్వేలు, ఆసుపత్రి రిజిస్టర్లు, పోలీసు లెక్కలు అందరికీ అందుబాటులోకి వస్తున్నాయి, అది మంచిదే. అయితే వాటిని చదివే తీరులో కొన్ని అపోహలు పాతుకుపోయాయి. మీటింగుల్లో ఎక్కువగా వినేవాటి గురించే రాస్తున్నాను.

అపోహ: నిషేధం ఉన్న చోట మద్యం లెక్కలతో పనేముంది?

అమ్మకాల రికార్డు ఖాళీగా ఉంటుంది, నిజమే. ఇప్పసారా, గుడుంబా, అవతలి ఒడ్డు నుంచి సంచుల్లో వచ్చే సీసాలు ఏ ఎక్సైజ్ రికార్డులోకీ ఎక్కవు. సిరొంచ మనిషి అవతలి ఒడ్డున ఉన్న కాళేశ్వరం వెళ్లి తాగితే ఆ సీసా తెలంగాణ అమ్మకాల్లో కలుస్తుంది. తాగి బండి మీంచి పడితే మనకు గడ్చిరోలి కన్నా వరంగల్ దగ్గర, అక్కడికే తీసుకెళ్తారు. కేసు షీటులో అతని ఊరు రాస్తారు. నెలాఖరున పైకి పంపే మొత్తంలో మాత్రం ఊరు పోయి అంకె ఒక్కటే మిగులుతుంది. ఇటువైపు నివేదికలో ఆ మనిషే లేడు. రెండు ఒడ్డుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడనిదే ఈ తాలూకా పరిస్థితి ఎవరికీ అర్థం కాదు.

ఇదంతా నిషేధం దండగ అనడానికి కాదు. దారూబందీ (మద్యనిషేధం) కోసం ఇక్కడి ఆడవాళ్లు చేసిన పోరాటం తక్కువది కాదు. 2016లో ప్రభుత్వం, సర్చ్ అనే స్వచ్ఛంద సంస్థ, టాటా ట్రస్ట్స్ కలిసి మొదలుపెట్టిన ముక్తిపథ్ కార్యక్రమం ఊరి సంఘాలను కూడగట్టి పని చేస్తోంది. నేను చెప్పేది లెక్క గురించి మాత్రమే. పక్కనున్న చంద్రపూర్ జిల్లానే చూడండి. అక్కడ 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. 2020 అమ్మకాలనూ 2022 అమ్మకాలనూ పోల్చి తాగుడు ఇంత పెరిగిందని ఎవరైనా చెబితే, నిషేధంలో ఉన్నప్పుడు దొంగచాటుగా తాగినదంతా వాళ్లు సున్నా కింద రాసుకున్నట్టే.

అపోహ: రాష్ట్రం సగటు చూస్తే చాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం 15 ఏళ్లు పైబడిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు మహారాష్ట్రలో 13.9 శాతం, తెలంగాణలో 43.3 శాతం. పొగాకు దగ్గరికొస్తే తిరగబడుతుంది. మహారాష్ట్ర మగవాళ్లలో 33.8, తెలంగాణలో 22.3. ముంబయి నుంచి చూసేవాళ్లకు సిరొంచలో పొగాకే సమస్య, హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకు మద్యమే సమస్య. మా వీధిలో చూస్తే నోట్లో ఖర్రా (వక్కతో కలిపి నమిలే పొగాకు) ఉంటుంది, సాయంత్రం చేతిలో గ్లాసూ ఉంటుంది. ఇదే సర్వేకు జిల్లా పట్టికలు ఉన్నాయి. కనీసం గడ్చిరోలిది, జయశంకర్ భూపాలపల్లిది తీసి పక్కపక్కన పెట్టుకోండి.

మత్తు పదార్థాల వాడకంపై 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ నివేదికకు మాత్రం జిల్లా అంకెలు లేవు. 186 జిల్లాల్లో సర్వే చేసి రాష్ట్రాల స్థాయిలో అంచనా కట్టారు. దాన్నుంచి తాలూకా లెక్క తీసి స్లైడ్ల మీద వేసేవాళ్లున్నారు. అడిగితే ‘అంచనా సార్’ అంటారు.

అపోహ: సర్వేలో ఆడవాళ్లు, పిల్లలు లేరంటే వాడడం లేదనే కదా?

ఈ అపోహ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. కుటుంబ సర్వేలో 15 ఏళ్లు పైబడినవాళ్ల పొగాకు, మద్యం వివరాలు ఇంటి ప్రశ్నావళి నుంచి వచ్చాయి. అంటే ఇంట్లో ఒకరు మిగతా అందరి తరఫునా జవాబు చెబుతారు. కోడలు తంబాకు నమిలే సంగతి మామ చెబుతాడా? చెప్పినా గడపలో నిల్చున్న కొత్త మనిషికి చెబుతాడా? మహారాష్ట్ర ఆడవాళ్లలో పొగాకు 10.9 శాతం, మద్యం 0.4 శాతం అని వచ్చింది. వీటిని కనీస లెక్కగా తీసుకోవాలి, అసలు లెక్క వీటికన్నా తక్కువ ఉండదు అన్నట్టు.

సర్వే ఏ నెలలో జరిగిందో కూడా అడగాలి. మిర్చి ఏరే రోజుల్లో ఇక్కడి కూలీలు తెలంగాణ చేలల్లో ఉంటారు. తునికాకు సీజన్లో సగం ఊరు అడవిలో ఉంటుంది, చేతికి డబ్బు వచ్చేదీ అప్పుడే. ఆ రోజుల్లో ఇంటికెళ్లి అడిగితే ఇంట్లో ఉన్న ముసలివాళ్ల జవాబే ఊరి జవాబు అవుతుంది.

పిల్లల మీద వేరే సర్వే ఉంది. 2019లో 13–15 ఏళ్ల బడి పిల్లలను అడిగితే దేశం మొత్తం మీద 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది. నమిలే పొగాకు మొదలుపెట్టినవాళ్లలో 52 శాతం మందికి అప్పటికి పదేళ్లు నిండలేదు. అంటే నాలుగో తరగతి! మన నివారణ కార్యక్రమాలు మాత్రం జూనియర్ కాలేజీలో మొదలవుతాయి. అదీ కుళ్లిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి, ఒకప్పుడు తాగుడుకు బానిసైన మనిషితో మైకులో ఏడిపించి. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం ప్రచురించిన నివారణ ప్రమాణాల్లో ఇలాంటి భయపెట్టే ఉపన్యాసాలు పని చేయని పద్ధతుల కింద ఉన్నాయి. ఫొటోలు బాగా వస్తాయి కాబట్టి అవి ఆగవు.

అపోహ: ఆశా వర్కర్ నింపే ఫారంలో అన్నీ ఉన్నాయి.

బీపీ, షుగర్ పరీక్షల కోసం నింపే ఆ ఫారం 30 ఏళ్లు పైబడినవాళ్లది. ఖర్రా తినే పద్దెనిమిదేళ్ల కుర్రాడు అందులో ఉండడు. పొగాకు ప్రశ్నకు మూడు జవాబులున్నాయి: ఎప్పుడూ లేదు, ఒకప్పుడు లేదా అప్పుడప్పుడు, రోజూ. మద్యం ప్రశ్న మాత్రం రోజూ తాగుతారా అని. అంగడి రోజున ఒళ్లు తెలియకుండా తాగి మిగతా వారమంతా ముట్టనివాడు ‘లేదు’ అంటాడు, అతను చెప్పింది అబద్ధమూ కాదు. ఆ ఫారాన్ని పొగాకు పనికి వాడుకోండి. మద్యం విషయంలో దాని మీద ఆధారపడితే దెబ్బ తింటాం.

అపోహ: గత సర్వేతో పోలిస్తే తగ్గింది.

కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత పట్టికల్లో అంకెలు 15–49 వయసువాళ్లవి, ఐదో విడతలో 15 ఏళ్లు పైబడిన అందరివీ. పోల్చకండి, అంతే.

అపోహ: కేసులు పెరిగాయంటే వాడకం పెరిగినట్టే.

కేసులు చెప్పేది పోలీసులు ఎంత పని చేశారన్నది. హైవే మీద గంజాయి లారీ పట్టుబడితే ఆ ఊళ్లో గంజాయి తాగుతున్నట్టు కాదు, రోడ్డు అటువైపు ఉన్నట్టు. చికిత్స కేంద్రాల రిజిస్టర్లదీ ఇలాంటి కథే. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని ఎయిమ్స్ నివేదిక చెప్పింది. రిజిస్టర్‌లో పేర్లు పెరిగితే కంగారు పడే అధికారులను చూస్తుంటాం. కొత్తగా చికిత్స కేంద్రం తెరిచిన చోట పెరగకపోతేనే నాకు టెన్షన్.

అపోహ: పేర్లు తీసేసి ఇస్తే గోప్యత ఉన్నట్టే.

నలభై ఇళ్ల గూడెంలో ‘ఆడ, 35–40 ఏళ్లు, సారా’ అని రాస్తే పేరు రాయక్కర్లేదు. సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది, ఆమె మళ్లీ క్లినిక్ మెట్లు ఎక్కదు. అందుకే చిన్న ఊళ్లను కలిపి ఒక గుంపుగా చూపాలి. ఐదుగురి కన్నా తక్కువ వచ్చిన గడిలో అంకె వేయకూడదు. పోలీసులకు ఆరోగ్య శాఖ నుంచి వెళ్లాల్సింది ఊళ్ల గుంపు లెక్కే, మనుషుల జాబితా ఎప్పుడూ కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మత్తుకు చికిత్స తీసుకునేవాళ్లకూ గోప్యత హక్కు ఇచ్చింది. ఈ మాట ఆశాలకు ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే జాబితా అడిగేది వాళ్లనే.

అపోహ: రెండు రాష్ట్రాల డేటా కలపాలంటే పెద్ద సాఫ్ట్‌వేర్, పైనుంచి జీవో కావాలి.

రోగుల వివరాలు కలపాలంటే కావాలి. ప్రణాళికకు ఒక కాగితం చాలు: నెల, ఊళ్ల గుంపు, వయసు వర్గం, ఆడ–మగ, ఏ మత్తు, ఎందుకొచ్చారు. ఇటు పీహెచ్‌సీ, అటు మహదేవపూర్ వైపు ఆసుపత్రి ఇవే గడులు నింపి, వచ్చినవారి నివాసం ఏ ఒడ్డుదో ఒక టిక్కు పెడితే సగం పని అయినట్టే. ముందు ఒప్పుకోవాల్సింది వయసు వర్గాలు. ఒకరు 15–19 అని, ఇంకొకరు 18 లోపు అని రాసుకుంటే ఆ రెండు కాగితాలూ ఎప్పటికీ కలవవు. ‘ఇతర పొగాకు’ అన్న గడి మాత్రం పెట్టకండి. పెడితే ఖర్రా అంతా అందులోకే పోతుంది.