అమ్మకం వేరు, గిరాకీ వేరు

తిరుపతి ఆర్టీసీ బస్టాండుకు దగ్గరలో ఒక టిఫిన్ హోటల్ ఉందనుకుందాం. శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఒక యాత్రికుడు కుటుంబంతో వచ్చి నాలుగు ప్లేట్ల ఇడ్లీ అడుగుతాడు. "ఇడ్లీ అయిపోయింది సామీ, పొంగల్ ఉంది" అంటాడు కౌంటర్లో కూర్చున్నాయన. వాళ్లు పక్క హోటలుకు వెళ్లిపోతారు. ఈ రెండు మాటల బేరం బిల్లింగ్ యంత్రంలో ఎక్కడా నమోదు కాదు. జరిగిన అమ్మకాన్ని రాసుకోవడానికే దాన్ని తయారు చేశారు, జరగని అమ్మకానికి అందులో గడి లేదు.

నెల తిరిగాక యజమాని లెక్క తీస్తే నాలుగు శనివారాలకు 300, 300, 298, 300 ప్లేట్లు కనిపిస్తాయి. గిరాకీ నిలకడగా ఉందని ఆయన సంతోషిస్తాడు. నిజానికి ఆ అంకె చెబుతున్నది రాత్రి రుబ్బిన పిండి ఎంతో అన్నది మాత్రమే. జనం రాకపోకలు సహజంగా ఎగుడుదిగుడుగా ఉంటాయి కనుక ఇంత చదునైన వరుస కనబడగానే అనుమానించాలి. ఇక్కడ గిరాకీ పైభాగం తెగిపోయి, సరుకు ఉన్నంత మేరకే పుస్తకంలోకి ఎక్కింది. ఇలాంటి అంకెలనే రేపటి అంచనాకు ఆధారం చేసుకుంటే తప్పు తనంతట తానే పెరుగుతుంది: తక్కువ అమ్మితే తక్కువ తయారుచేస్తాం, తక్కువ తయారుచేస్తే ఇంకా తక్కువ అమ్ముతాం. విమాన సీట్ల అమ్మకాలపై పనిచేసిన పరిశోధకులు ఈ దిగజారుడును గణితపరంగా కూడా చూపించారు.

తెగిపోయిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టవచ్చు. సరుకు అయిపోగానే నొక్కడానికి ఒక మీట పెట్టడం సులువైన ఉపాయంగా తోస్తుంది కానీ, రద్దీలో ఉన్న మనిషి దాన్ని నొక్కుతాడని నేను నమ్మను. అంతకంటే నమ్మదగిన సాక్షి ప్రతి బిల్లు మీదా అచ్చయ్యే సమయం. సగటున నిమిషానికి ఒక ఇడ్లీ బిల్లు పడుతున్న వేళ, వచ్చేవారు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తారనుకుంటే, వరుసగా 10 నిమిషాలు ఒక్క బిల్లూ పడకపోవడానికి అవకాశం దాదాపు 22,000లో ఒక వంతు. బస్సు దిగిన గుంపు ఒక్కసారిగా వచ్చిపడుతుంది కనుక తిరుపతిలో ఆ అవకాశం ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. అయినా, అదే పది నిమిషాల్లో కాఫీ, పొంగల్ బిల్లులు ఆగకుండా పడుతుంటే, ఇడ్లీ అయిపోయిందని మరెవరినీ అడగనక్కరలేదు.

ఆ తరువాతి మెట్టు కూడా చేతి లెక్కే. ఇడ్లీ చివరిదాకా మిగిలిన రోజుల్లో మొత్తం అమ్మకంలో 40 శాతం ఉదయం 8 గంటలలోపే జరుగుతోందని తేలిందనుకుందాం. ఒక శనివారం 8 గంటలకే 160 ప్లేట్లు పోయి, తొమ్మిదింబావుకు 300 పూర్తయితే, ఆనాటి అసలు గిరాకీ 400 దాకా ఉండి ఉంటుంది. అయితే ఆ 40 శాతాన్ని మామూలు మంగళవారం నుంచి తెచ్చుకోకూడదు. శనివారం జనం తెల్లవారుజామునే దిగుతారు కనుక, సరుకు మిగిలిన శనివారాల నుంచే తీసుకోవాలి.

గిరాకీ తెలిసినంత మాత్రాన ఎంత వండాలో తెలియదు. బ్యాంకు తన దగ్గర ఎంత నగదు నిల్వ ఉంచుకోవాలన్న ప్రశ్నతో 1888లో ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ ఆలోచించిన దారే తరువాత పత్రికలమ్మే కుర్రాడి సమస్యగా పేరు పొందింది. ప్లేటు ధర 40 రూపాయలు, ఖర్చు 16 అయితే, ఒకటి తక్కువ పడితే పోయే లాభం 24, ఒకటి మిగిలితే నష్టం 16. 24ను రెండింటి మొత్తమైన 40తో భాగిస్తే 60 శాతం. అంటే పది శనివారాల్లో ఆరింటికి సరిపోయేంత చేసుకోవడం లాభసాటి. మిగిలిన పిండితో సాయంత్రం పునుగులు వేసి ప్లేటుకు 10 రూపాయలు రాబట్టగలిగితే నష్టం 6కు తగ్గి, అదే నిష్పత్తి 80 శాతానికి చేరుతుంది. పునుగుల బాణలి ఉదయపు ఇడ్లీ లెక్కను మార్చేస్తుందన్న సంగతి ఏ అమ్మకాల పట్టికలోనూ కనిపించదు.

ఇక తిరుపతికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు నిరుటి ఇదే తేదీతో పోల్చి చూపిస్తాయి. తిరుమల బ్రహ్మోత్సవాలు 2023లో సెప్టెంబర్ 18న, 2024లో అక్టోబర్ 4న, 2025లో సెప్టెంబర్ 24న మొదలయ్యాయి; పైగా 2023లో అధికమాసం రావడంతో అక్టోబర్‌లో నవరాత్రి బ్రహ్మోత్సవాలు విడిగా జరిగాయి. ఐదో రోజు గరుడసేవ 2024లో అక్టోబర్ 8న వచ్చింది. ఆ తేదీని చూసి 2025 అక్టోబర్ 8న, ఒక మామూలు బుధవారం నాడు, రెట్టింపు పిండి రుబ్బితే ఏమవుతుందో ఊహించవచ్చు. దీనికి తోడు తమిళ యాత్రికులు ఎక్కువగా వచ్చే పెరటాసి నెల శనివారాలు ఉన్నాయి. పెరటాసి సౌరమాసం కనుక ఏటా సెప్టెంబర్ నడిమిలోనే మొదలవుతుంది. తిథులను బట్టి నడిచే ఉత్సవాలు మాత్రం దానికి ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. రెండు పంచాంగాలు ఒకదానిపై ఒకటి పడిన శనివారాన్ని ఇంగ్లీషు తేదీ ఒక్కటే వివరించలేదు.

ఈ ఇబ్బంది మనకు మాత్రమే లేదు. ఈస్టర్ కూడా మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 వరకు కదిలే పండుగే కనుక, అమెరికా జనగణన సంస్థ వాడే ఎక్స్-13 అనే కంప్యూటర్ ప్రోగ్రాములో దాని ప్రభావాన్ని విడదీసే ఏర్పాటు ఉంది. ఫేస్‌బుక్ 2017లో ఉచితంగా విడుదల చేసిన ప్రాఫెట్ అనే అంచనా సాఫ్ట్‌వేరుకు పండుగల జాబితాను, వాటికి ముందు వెనుకల రోజులతో సహా, మనమే అందించవచ్చు. గరుడసేవ, వైకుంఠ ఏకాదశి, పెరటాసి శనివారాల తేదీలను ఉగాదికి కొన్న పంచాంగం పక్కన పెట్టుకుని, ఒక పూట కూర్చుంటే ఏడాదికి సరిపడా ఎక్కించవచ్చు.