పారిశ్రామిక సంబంధాల చదువు: కాలేజీ ఎంపికలో అపోహలు - వాస్తవాలు

వేతన ఒప్పందాలు, క్రమశిక్షణ కేసులు చూసే ఉద్యోగం నాది. పారిశ్రామిక సంబంధాలు, అంటే యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య వ్యవహారాలు నేర్పే చదువుకు ఏ కాలేజీ మంచిదని ప్రవేశాల కాలంలో తెలిసినవాళ్లు పిల్లలను వెంటబెట్టుకొని సలహాకు వస్తారు. తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఎంబీఏ హెచ్‌ఆర్ (మానవ వనరుల నిర్వహణ) ఎక్కడ చేసినా ఇదే చదువు.
వాస్తవం: చాలా ఎంబీఏల్లో కార్మిక చట్టాలకు దక్కేది ఒకటి రెండు పేపర్లే. ఫ్యాక్టరీలో కార్మికుల బాగోగులు చూసే సంక్షేమ అధికారి ఉద్యోగానికి ఏ అర్హత ఉండాలో ప్రభుత్వ నియమాలు చెబుతాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులున్న చోట ఈ అధికారి ఉండాలంది; ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త కోడ్ (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల చట్టం) దాన్ని 250కి దించింది. అంటే ఈ అర్హతకు గిరాకీ పెరుగుతుంది. ఫీజు కట్టేముందే ఆ నియమాలు, కాలేజీ సిలబస్ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఈ ఉద్యోగానికి తమ కోర్సుకు గుర్తింపు ఉందని నోటిమాటగా చెబితే నమ్మకండి, ఉత్తర్వు చూపించమనండి.

అపోహ: డిగ్రీ కాకుండా డిప్లొమా ఇస్తే విలువ ఉండదు.
వాస్తవం: జంషెడ్‌పూర్‌లో 1949లో మొదలై, ఈ చదువుకు పేరుపొందిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఇచ్చేది పీజీ డిప్లొమానే.

అపోహ: పాత చట్టాలు పోయాయి, ఇక ఈ చదువుతో పనేముంది?
వాస్తవం: 29 చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. పలు యూనియన్లున్న చోట 51 శాతం కార్మికుల మద్దతున్నదే ఏకైక చర్చల యూనియన్; అంత మద్దతు దేనికీ లేకపోతే యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. ఇవి చెప్పని కాలేజీ వద్దు. అలాగని 1947 పారిశ్రామిక వివాదాల చట్టాన్ని పూర్తిగా వదిలేసిన చోటు కూడా వద్దు; దశాబ్దాల కోర్టు తీర్పులు దాని మీదే నిలబడి ఉన్నాయి.

అపోహ: యాజమాన్యం తరఫున యూనియన్లను అణచడమే ఈ ఉద్యోగం.
వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. కార్మిక నాయకుడిగా ఎదిగిన వి.వి. గిరి, వివాదాలను ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకొని తేల్చుకోవాలని వాదించారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు. సింగరేణి బొగ్గు గనుల్లో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని (యాజమాన్యంతో చర్చించే యూనియన్‌ను) రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు. అక్కడ పనిచేసే అధికారికి కార్మికుడి మాట వినడం రాకపోతే ఒక్క రోజు కూడా గడవదు. అందుకే కాలేజీని ఈ ప్రశ్నలు అడగండి: యూనియన్ నాయకులు తరగతికి వస్తారా? కార్మిక శాఖలో రాజీ చర్చలు ఎలా జరుగుతాయో విద్యార్థులకు చూపిస్తారా? ఫీల్డ్ వర్క్ వారం వారం ఉంటుందా, లేక చివర్లో ఒక నివేదికతో సరిపెడతారా?

అపోహ: ప్యాకేజీ పెద్దదైతే కాలేజీ మంచిదే.
వాస్తవం: ఆ అంకె ఒక్క విద్యార్థిది కావచ్చు. నిరుటి బ్యాచ్‌లో ఫ్యాక్టరీల్లో, గనుల్లో ఎందరు చేరారో అడగండి. వీలైతే వాళ్లలో ఇద్దరితో మాట్లాడండి.