కాలమ్ స్థాయి అనుమతులు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లోని కమీషన్ వ్యాపారుల డేటాబేసులను చూసుకునే నాకు తరచుగా ఎదురయ్యే అభ్యర్థన ఒకటుంది. గుమాస్తాకు రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర కనిపించాలి. రైతు బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్యలు మాత్రం కనిపించకూడదు. టేబుల్ (పట్టిక) మొత్తానికి కాకుండా అందులోని ఒక్కో కాలమ్‌కు (నిలువు వరుసకు) విడిగా ఇచ్చే కాలమ్ స్థాయి అనుమతులు ఉన్నది ఇందుకే. అయితే అవి పనిచేసే తీరుపై అనుభవజ్ఞుల్లో సైతం కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: టేబుల్ మొత్తానికి చదివే అనుమతి ఇచ్చి, ఖాతా సంఖ్య కాలమ్‌పై మాత్రం దాన్ని రివోక్ చేస్తే (వెనక్కి తీసుకుంటే) సరిపోతుంది.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఫలించదు. అక్కడ టేబుల్ స్థాయి అనుమతి, కాలమ్ స్థాయి అనుమతి విడివిడిగా నమోదవుతాయి. రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా యూజర్ ఆ కాలమ్‌ను చదవగలడు. కాలమ్ స్థాయిలో అసలు ఇవ్వనిదాన్ని తొలగించమని టేబుల్ యజమాని ఆదేశిస్తే డేటాబేస్ ఏ దోషమూ చూపకుండా ఆదేశాన్ని స్వీకరిస్తుంది, గుమాస్తా మాత్రం ఖాతా సంఖ్యలను ఎప్పటిలాగే చూస్తుంటాడు. దోష సందేశం రాకపోవడమే ఇందులోని అసలు ప్రమాదమని నా అభిప్రాయం. కాబట్టి ముందుగా టేబుల్ స్థాయి అనుమతిని పూర్తిగా తీసివేసి, ఆ తర్వాత అవసరమైన కాలమ్‌ల పేర్లను మాత్రమే పేర్కొంటూ గ్రాంట్ చేయాలి (అనుమతి ఇవ్వాలి). ఇలా చేస్తే, రేపు ఎవరైనా అదే టేబుల్‌లో ఫోన్ నంబరు కాలమ్‌ను కొత్తగా చేర్చినా అది దానంతట అది గుమాస్తాకు తెరుచుకోదు. టేబుల్ స్థాయి అనుమతి ఉంటే తెరుచుకుంటుంది.

అపోహ: ఒక డేటాబేస్‌లో నేర్చుకున్న పద్ధతి అన్నింటిలోనూ చెల్లుతుంది.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యం 2009లో 8.4 వెర్షన్‌తో వచ్చింది. అందులోనూ మైఎస్‌క్యూఎల్‌లోనూ సెలెక్ట్ (చదవడం), ఇన్సర్ట్ (చేర్చడం), అప్‌డేట్ (మార్చడం), రిఫరెన్సెస్ (మరో టేబుల్ నుంచి సూచించడం) అనుమతులను కాలమ్‌ల వారీగా ఇవ్వవచ్చు. ఒరాకిల్‌లో సెలెక్ట్‌ను అలా గ్రాంట్ చేసే వీలు లేదు కనుక, దాచవలసిన కాలమ్‌లను వదిలేసి ఒక వ్యూ (ఎంచుకున్న కాలమ్‌లనే చూపే క్వెరీ రూపం) తయారుచేసి, ఆ వ్యూపై అనుమతి ఇవ్వడం వాడుక. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అనుమతిని నిరాకరించే డినై ఆదేశం ఉంది గాని, టేబుల్ స్థాయిలో చేసిన డినై కాలమ్ స్థాయిలో ఇచ్చిన గ్రాంట్‌ను అడ్డుకోదు. పాత వెర్షన్లతో పొంతన కోసమే ఈ అసంగతిని ఉంచామని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లోనే రాసింది.

అపోహ: అనుమతి లేని కాలమ్ ఫలితంలో ఖాళీగా కనిపిస్తుంది.

వాస్తవం: క్వెరీ మొత్తం తిరస్కరణకు గురవుతుంది. నక్షత్రం గుర్తుతో అన్ని కాలమ్‌లనూ అడిగిన క్వెరీకే కాదు, అనుమతి లేని కాలమ్‌ను కేవలం ఫలితాన్ని వడపోసే వేర్ షరతులో వాడిన క్వెరీకి కూడా ఇదే గతి పడుతుంది. ఆ నిబంధన లేకపోతే, ఖాతా సంఖ్య ఫలానా అంకెతో మొదలవుతుందా అని వరుసగా అడుగుతూ మొత్తం సంఖ్యను రాబట్టవచ్చు. ధరను మార్చే అనుమతి మాత్రమే ఉన్న యూజర్ లాట్ నంబరును బట్టి అడ్డు వరుసను ఎంచుకోవాలంటే, ఆ లాట్ నంబరు కాలమ్‌ను చదివే అనుమతి కూడా ఉండాలి. అప్లికేషన్ తరఫున డేటాబేస్ ఆదేశాలను తయారుచేసే హైబర్నేట్ వంటి సాధనాలు ఒక్క విలువ మారినా మార్చదగిన కాలమ్‌లన్నింటినీ అప్‌డేట్ వాక్యంలో చేర్చడం మామూలు. అందువల్ల అనుమతులు బిగించిన మర్నాడే అప్లికేషన్ ఆగిపోయిందన్న ఫిర్యాదు వస్తుంది. మారిన కాలమ్‌లను మాత్రమే పంపే డైనమిక్ అప్‌డేట్ అమరికతో దీన్ని సరిచేయవచ్చు.

డిలీట్ (తొలగించే) అనుమతిని కాలమ్‌ల వారీగా ఇవ్వవచ్చా అని కొందరు అడుగుతారు. అడ్డు వరుస పోతే మొత్తంగా పోతుంది గనుక అటువంటి అనుమతి లేదు.

వేగం తగ్గుతుందన్న భయం చాలావరకు అనవసరం. పోస్ట్‌గ్రెస్ ఈ తనిఖీని ప్రతి వరుసకూ చేయదు, క్వెరీ అమలు మొదలయ్యేటప్పుడు చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఒక్క యూజర్‌కు కాలమ్ స్థాయి అనుమతి ఇచ్చినా సర్వర్ యూజర్లందరికీ ఆ తనిఖీ చేస్తుందని, దానివల్ల వేగం కొద్దిగా తగ్గుతుందని దాని పత్రాలు చెబుతున్నాయి.

ఇక అనుమతులు ఇచ్చాక సర్వాధికారాలున్న సూపర్‌యూజర్‌గా లాగిన్ అయి పరీక్షించడం వృథా, ఎందుకంటే ఆ యూజర్‌కు ఏ అడ్డూ వర్తించదు. సెట్ రోల్ ఆదేశంతో గుమాస్తా పాత్రలోకి మారి క్వెరీలు నడిపి చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లోని హ్యాజ్_కాలమ్_ప్రివిలేజ్ ఫంక్షన్ టేబుల్ స్థాయి అనుమతినీ, ఇతర పాత్రల ద్వారా సంక్రమించిన అనుమతినీ కలుపుకొని జవాబిస్తుంది కనుక, ఖాతా సంఖ్య కాలమ్‌కు అది అవునని చెబితే ఎక్కడో పాత గ్రాంట్ మిగిలి ఉన్నట్లే.