విలీనం మాట వెనక 1964

సీపీఐ, సీపీఎం కలిసిపోవాలన్న చర్చ మళ్లీ మొదలైంది. తెలంగాణ సాయుధ పోరాటం, 1955 ఎన్నికల ఓటమి అందరికీ తెలిసినవే. ఇవాళ్టి పేచీ అర్థం కావాలంటే 1962 నుంచి చూడాలి.

ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభలో, అప్పటికింకా చీలని సీపీఐ 51 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఓట్లు సుమారు 19 శాతం. కాంగ్రెస్‌ను దించగల పార్టీ ఏదంటే జనం దానివైపే చూసేవారు.

పార్టీ లోపల విభేదాలు అప్పటికే ముదిరాయి. కాంగ్రెస్‌తో ఎలా ఉండాలి, సోవియట్-చైనా తగాదాలో ఎటు నిలబడాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు. అయినా 1961 విజయవాడ మహాసభలో చీలిక అంచుదాకా వెళ్లి ఆగింది. ఇరుపక్షాలనూ పట్టి ఉంచిన ప్రధాన కార్యదర్శి అజయ్ ఘోష్ 1962 జనవరిలో చనిపోయారు. కొత్తగా చైర్మన్ పదవి పెట్టి సీనియర్ నాయకుడు ఎస్.ఎ. డాంగేని కూర్చోబెట్టారు. ఆ ఏడాదే చైనాతో యుద్ధం వచ్చింది. డాంగేని వ్యతిరేకించే వర్గం నాయకులు చాలామంది జైళ్లకు వెళ్లారు.

అసలు మలుపు 1964 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన పార్టీ జాతీయ సమితి సమావేశం. 1924లో జైలు నుంచి డాంగే బ్రిటిష్ ప్రభుత్వానికి సహకరిస్తానని రాసినట్టు చెప్పే ఉత్తరాలు అప్పుడే బయటపడ్డాయి. అవి ఫోర్జరీవని డాంగే వర్గం కొట్టిపారేసింది. అవతలివాళ్లు ముందుగా అడిగింది ఒకటే: ఆరోపణ ఎవరి మీదో, దాన్ని చర్చిస్తున్నంతసేపు ఆయన అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదు. ఏ సంఘంలోనైనా పాటించే పద్ధతే ఇది. మెజారిటీ ఒప్పుకోలేదు. ఏప్రిల్ 11న 32 మంది లేచి బయటికి వచ్చేశారు. వాళ్లలో సుందరయ్య, బసవపున్నయ్య, తరిమెల నాగిరెడ్డి ఉన్నారు. చండ్ర రాజేశ్వరరావు లోపలే ఉండిపోయారు. జూలైలో తెనాలి సదస్సు, ఆపై కలకత్తా మహాసభ జరిగి సీపీఎం వేరు పార్టీ అయింది. తెలంగాణ సాయుధ పోరాటంలో కలిసి పనిచేసిన సుందరయ్య, రాజేశ్వరరావు ఆ ఏడాది ముగిసేసరికి రెండు పార్టీల ప్రధాన కార్యదర్శులయ్యారు. పార్టీ పత్రిక విశాలాంధ్ర సీపీఐ దగ్గరే మిగిలింది.

1967లో రెండు పార్టీలూ చాలాచోట్ల ఒకదానిమీద ఒకటి పోటీ పడ్డాయి. సీపీఐకి 11, సీపీఎంకు 9 వచ్చాయి. కలిపితే ఓట్లు ఇంకా 15 శాతం దాకా ఉన్నాయి, సీట్లు మాత్రం 51 నుంచి 20కి పడిపోయాయి. మరుసటి ఏడాదే నాగిరెడ్డి వర్గం సీపీఎంనూ వదిలి వెళ్లింది. 1970లో కార్మిక సంఘమూ రెండైంది: సీపీఐ వైపున్న ఏఐటీయూసీ పక్కన సీపీఎం వాళ్ల సీఐటీయూ.

చివరికి 1983లో కాంగ్రెస్‌ను జనం దించేశారు. ఆ గెలుపు కొత్తగా పుట్టిన తెలుగుదేశానిది. అప్పుడు సీపీఎంకు 5, సీపీఐకి 4. ఆ రోజు కోసమే ఊరూరా సంఘాలు కట్టి, జైళ్లకెళ్లిన ఒక తరం కార్యకర్తలకు ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

2023 తెలంగాణ ఎన్నికల్లోనూ దారులు వేరయ్యాయి. కాంగ్రెస్‌తో కలిసిన సీపీఐ కొత్తగూడెం గెలిచింది, ఒంటరిగా దిగిన సీపీఎంకు ఒక్క సీటూ రాలేదు. పార్టీ పుట్టినరోజు మీద కూడా ఏకాభిప్రాయం లేదు: సీపీఎం లెక్కలో 1920 తాష్కెంట్, సీపీఐ లెక్కలో 1925 కాన్పూర్. విలీనం ప్రతిపాదన సీపీఐ ఎన్నోసార్లు తెచ్చింది. ముందు ఉమ్మడి పోరాటాలు చేద్దామన్నదే సీపీఎం జవాబు.