పిల్లిని మాడిస్తే దారికి రాదు

ఎండాకాలం మొదట్లో నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒకావిడ అట్టపెట్టెలో పిల్లిని మా పశువుల క్లినిక్‌కి తీసుకొచ్చారు. ఆరు కిలోల మగపిల్లి. "నాలుగు రోజులైంది సార్, నీళ్లు తప్ప ఏం ముట్టుకోవటంలా. బరువు తగ్గుద్దని కొత్త ఫుడ్డు తెచ్చా. ఆకలైతే అదే తింటదిలే అన్నారు మావాళ్లు." చెవి తిప్పి చూస్తే లోపలంతా పసుపు. చిగుళ్లూ అంతే.

ఆ "ఆకలైతే అదే తింటది" అన్న మాట వినీ వినీ విసుగొచ్చింది. కుక్క విషయంలో చాలావరకు చెల్లుతుందేమో గానీ పిల్లి దగ్గర చెల్లదు. తిండి ఆగిపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయం అంత కొవ్వును సంబాళించుకోలేదు. అది అక్కడే పేరుకుని ఫ్యాటీ లివర్, ఆపైన కామెర్లు. ఇక వికారానికి పాత తిండి పెట్టినా సయించదు. "ఒళ్లుందిగా, రెండ్రోజులు ఓర్చుకుంటది" అంటారు. తలకిందుల లెక్క అది, బొద్దు పిల్లికే ముప్పు ఎక్కువ. కాలేయం పాడవడానికి రెండు మూడు రోజుల పస్తు చాలు. ఒక రోజంతా కొత్తది ముట్టకపోతే పట్టుదల మాని పాతది పెట్టేయండి. అదీ తినకపోతే అదే రోజు డాక్టరుకి చూపించండి. కూనలైతే అంతసేపు కూడా ఆగొద్దు.

ఆ పిల్లికి ట్యూబు వేశాం. ఐదు వారాలు ఆవిడే ఇంట్లో పూటపూటకీ ట్యూబులోకి ఆహారం పోశారు. నా వల్లే అని ఏడుస్తుంటే, మీకు చెప్పినవాళ్లది తప్పు, మీది కాదమ్మా అన్నాను.

మరి ఎట్టా మార్చాలి? పాతదాంట్లో ఒక చెంచా కొత్తది. రెండు మూడు రోజులు సాఫీగా తింటే ఇంకో చెంచా. ప్యాకెట్ మీద వారం, పది రోజులని రాస్తారు. మొండిదైతే నెల పట్టినా టెన్షన్ పడొద్దు. కలిపితే మూతి తిప్పేసే పిల్లికి, పాత గిన్నె పక్కనే వేరే మూతలో నాలుగు గింజలు పెట్టి వాసన అలవాటు కానివ్వండి. రోజంతా గిన్నె నిండుగా ఉంటే కొత్తదాని జోలికి ఎందుకు పోతుంది? రోజుకి మూడు పూటలు, పూటకి అరగంట చాలు. తడి ఫుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టకండి, వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేయండి. పిల్లి ముందు ముక్కుతోనే తింటుంది. జలుబు చేసిన పిల్లి అందుకే ఏదీ తినదు. మన ఎండలకి తినగా మిగిలింది వెంటనే తీసేయాలి. వారానికోసారి దాన్ని ఎత్తుకుని మిషనెక్కి, మీ బరువు తీసేసి చూసుకోండి.

చేపల పులుసు కలిపితే తింటుందట! తింటుంది, నెల్లూరు పిల్లి కదా. కానీ ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను పగలగొడతాయి. ముక్క కడిగి పెట్టడమూ వద్దు. పచ్చి నెత్తళ్లను ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ఆ నీళ్లు రెండు చెంచాలు కొత్త ఫుడ్డు మీద చల్లండి.

కొత్త ఫుడ్డులో మందు కలిపేస్తే రెండు పనులూ అవుతాయనుకుంటారు. ఈ తెలివితక్కువ పని నేనే చేశాను. మా పిల్లికి పురుగుల మాత్ర నూరి కొత్త టిన్నులో కలిపాను. మూడేళ్లయింది, ఆ టిన్ను మూత తీస్తే చాలు ఇప్పటికీ గదిలోంచి వెళ్లిపోతుంది. డాక్టరుగారి పిల్లి అని మా ఆవిడ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

పాలు పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. పాలన్నంతోనే పెంచితే టారిన్ అనే పోషకం అందక చూపు, గుండె పోతాయి. అది ఎక్కువగా మాంసం, చేపల్లో ఉంటుంది. తీపి పిల్లి నాలుకకే తెలియదు, బెల్లం దండగ. పాతది కూడా మానేస్తే పొగరని తిట్టకుండా డాక్టరుకి దాని పళ్లు చూపించండి.

వేదాయపాళెం పిల్లి ఇప్పుడు పాత ఫుడ్డే తింటోంది, బరువూ మళ్లీ ఆరు కిలోలకు వచ్చింది. వచ్చే నెల నుంచి ఆ కొత్తదాన్నే మళ్లీ మొదలుపెడుతున్నాం, చెంచా లెక్కన.