పీపా పీపాకో రుచి

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చే బోర్బన్ విస్కీ సీసాల మీద ‘స్మాల్ బ్యాచ్’ అన్న రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి. కొద్ది పీపాల సరుకును మాత్రమే కలిపి ఈ సీసా నింపామన్నది వాటి భావం. అయితే ఆ ‘కొద్ది’ అంటే ఎన్ని పీపాలో అమెరికా చట్టం ఎక్కడా చెప్పలేదు. పది పీపాలు కలిపినవారూ, కొన్ని వందలు కలిపినవారూ అదే మాట రాసుకోవచ్చు. బోర్బన్‌కు సంబంధించి ఎన్నిటినో పట్టుగా నిర్వచించిన చట్టం ఈ ఒక్కచోట మౌనంగా ఉండటంతో, ఆ మాట వెనుక నిజంగా ఎంత తేడా ఉందో తేల్చే పని ముక్కుకూ నాలుకకూ మిగిలింది. శ్రద్ధగా చేస్తే ఆ పని ప్రయోగశాలలో చేసే కొలతకు ఏమాత్రం తీసిపోదని నేను నమ్ముతాను.

ముందు ఆ చట్టం పట్టు ఎంతటిదో చూడాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగిలిన భాగంలో రై అనే ఘాటైన ధాన్యం గానీ గోధుమ గానీ, మొలకెత్తించిన బార్లీ గానీ వేస్తారు. స్వేదనంలో దిగే ద్రవంలో ఆల్కహాల్ 80 శాతం మించకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. పీపా కొత్తదై, ఓక్ కలపతో చేసినదై, లోపలివైపు మంటతో కాల్చినదై ఉండాలి. నీళ్లు తప్ప రంగు, సువాసన ఏదీ కలపకూడదు. ఈ 80 శాతం హద్దు వెనుక మంచి రసాయనశాస్త్రం ఉంది. స్వేదనం ఎంత గాఢంగా సాగితే ఆల్కహాల్ అంత శుద్ధమై, పులిసిన పిండి నుంచి వచ్చిన వాసన పదార్థాలు అంతగా జారిపోతాయి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చౌక సరుకులో చాలాభాగానికి ఆధారం మొలాసిస్ (చక్కెర మడ్డి) నుంచి తీసి, ఇంచుమించు 96 శాతం దాకా శుద్ధి చేసిన స్పిరిట్టే కాబట్టి, దానిలో ముడిసరుకు రుచి దాదాపు మిగలదు. బోర్బన్‌లో మాత్రం మొక్కజొన్న తీపిదనం, రై ఘాటు పీపా దాకా చేరతాయి.

ఇక స్మాల్ బ్యాచ్ అన్న మాటకు ప్రచారం తెచ్చినవారు బుకర్ నో. జిమ్ బీమ్ విస్కీ సంస్థకు పేరిచ్చిన జిమ్ బీమ్‌కు మనవడైన ఆయన అదే సంస్థలో ప్రధాన తయారీదారుగా పనిచేస్తూ, నీళ్లు కలపకుండా పీపాలో ఉన్న గాఢతతోనే నింపిన ‘బుకర్స్’ను 1988లో బజారుకు తెచ్చారు. 1992లో దానికి నాబ్ క్రీక్, బేకర్స్, బేసిల్ హేడెన్ అన్న మరి మూడింటిని జతచేసి, నాలుగింటినీ స్మాల్ బ్యాచ్ శ్రేణిగా అమ్మారు. అంతకుముందే, 1984లో, కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో ఎల్మర్ టి. లీ అనే మరో తయారీదారు ఒక్క పీపా సరుకును మరే పీపాతోనూ కలపకుండా ‘బ్లాంటన్స్’ పేరుతో సీసాల్లో నింపారు. ఒక్క పీపా ఒక కొసన, వందల పీపాల మిశ్రమం మరో కొసన ఉంటే స్మాల్ బ్యాచ్ వాటి నడుమ ఎక్కడో నిలబడుతుంది.

పీపాకూ పీపాకూ తేడా ఎందుకు రావాలి? ఒకే పిండి, ఒకే ఈస్ట్, ఒకే రోజున దిగిన స్పిరిట్. అయినా ఆరేడేళ్ల తరువాత పక్కపక్కనే ఉన్న రెండు పీపాలు రెండు రుచులు ఇస్తాయి. వాడేసిన పీపా పలకను అడ్డంగా కోసి చూస్తే ఈ రహస్యం కంటికే కనిపిస్తుంది. లోపలి అంచున కొద్ది మిల్లీమీటర్ల మందాన, మొసలి వీపులా పగుళ్లు పడిన బొగ్గు పొర ఉంటుంది. దాని వెనుక మంట నేరుగా తగలక, వేడికి మాత్రమే వేగిన ఎర్రని పొర. ఇంకా లోపలికి వెళితే లేత కలప మీద తడిమరకలా ఒక గీత. వేసవిలో ద్రవం వ్యాకోచించి కలపలోకి ఎంతవరకు చొరబడిందో, చలికాలంలో ఎక్కడి నుంచి వెనక్కు వచ్చిందో ఆ గీత చెబుతుంది. ఏడాదికేడాది సాగే ఈ రాకపోకల్లోనే విస్కీకి రంగు, వాసన అబ్బుతాయి.

మంట చేసిన పని ఏమిటంటే, కలపను కట్టి ఉంచే పెద్ద అణువులను విరగ్గొట్టడం. లిగ్నిన్ విరిగితే వానిల్లా వాసననిచ్చే వానిలిన్, పొగ వాసననిచ్చే గ్వాయకాల్ వస్తాయి. హెమిసెల్యులోజ్ చక్కెరలుగా విడిపోయి, మాడి, పాకం వాసననిస్తుంది. అమెరికన్ తెల్ల ఓక్‌లో సహజంగానే ఉండే లాక్టోన్లకు కొబ్బరి వాసన. యూజినాల్ కూడా ఈ కలపలో ఉంటుంది. లవంగానికి ఆ వాసన ఉన్నది ఆ పదార్థం వల్లనే, కాబట్టి గ్లాసులో లవంగం వాసన వచ్చిందని ఎవరైనా అంటే అది కవి కల్పన కాదు, అణువు ఒకటే. బొగ్గు పొర మాత్రం ఇచ్చేదాని కన్నా పట్టుకునేది ఎక్కువ. కొత్త స్పిరిట్‌లోని గంధకపు దుర్వాసనలను అది పీల్చేస్తుంది. ఏ చెట్టు, ఎక్కడ పెరిగింది, పలకలను ఎంతకాలం ఎండబెట్టారు, మంట ఎన్ని సెకన్లు తగిలింది అన్నవాటిని బట్టి ఈ పదార్థాల పాళ్లన్నీ మారిపోతాయి.

పీపాను ఉంచిన చోటు కూడా అంతే ముఖ్యం. కెంటకీలో పాతకాలపు గోదాములు ఏడు నుంచి తొమ్మిది అంతస్తుల దాకా ఉంటాయి, వాటిలో పైఅంతస్తు వేసవిలో మాడిపోతుంది, కింది అంతస్తు చల్లగా, తేమగా ఉంటుంది. 200 లీటర్ల పీపా నుంచి ఏటా కొన్ని శాతాల ద్రవం ఆవిరైపోతుంది. ఈ నష్టాన్ని అక్కడివారు దేవదూతల వాటా అంటారు. పైన వేడిగా, పొడిగా ఉన్నచోట నీరు ఆల్కహాల్ కన్నా త్వరగా పోవడంతో పీపాలో గాఢత ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. స్కాట్లండ్ చల్లదనంలో ఇందుకు విరుద్ధంగా గాఢత తగ్గుతూ వస్తుంది. బుకర్ నో తన సీసాల కోసం గోదాము నడిమి అంతస్తుల పీపాలనే ఏరుకునేవారు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే స్మాల్ బ్యాచ్ అన్న మాటకు అసలు అర్థం దానిలోనే ఉందని నా అభిప్రాయం. యాదృచ్ఛికంగా తీసిన పీపాలను కలిపితే, ఒక మిశ్రమానికీ మరో మిశ్రమానికీ మధ్య తేడా పీపాల సంఖ్య వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. 9 పీపాలు కలిపితే తేడా మూడో వంతుకు దిగుతుంది, 100 కలిపితే పదో వంతుకు, 400 కలిపితే ఇరవయ్యో వంతుకు. వందల పీపాలు కలిపేవారి సీసా ప్రతి ఏడాదీ ఒకే రుచితో రావడానికి కారణం ఈ సగటే. కొద్ది పీపాలు కలిపేవారికి ఆ ఆసరా ఉండదు కనుక వారు ప్రతి పీపానూ రుచి చూసి ఎంచుకోక తప్పదు. మంచి స్మాల్ బ్యాచ్‌లో మనం డబ్బు పెట్టేది ఆ ఎంపికకే గానీ తక్కువ సంఖ్యకు కాదు. ఎంపిక లేని తక్కువ సంఖ్య అస్థిరతను మాత్రమే మిగులుస్తుంది.

కెంటకీలోనే లారెన్స్‌బర్గ్‌లో ఉన్న ఫోర్ రోజెస్ అనే బోర్బన్ సంస్థవారు దీనికి వేరే దారి పట్టారు. వారి గోదాములు ఒకే అంతస్తువి, అందువల్ల ఎత్తుతో వచ్చే తేడా చాలావరకు తగ్గుతుంది. దానికి బదులు వైవిధ్యాన్ని ముందే, పులియబెట్టే దశలోనే కావాలని పుట్టిస్తారు. 20 శాతం రై ఉన్న పిండి ఒకటి, 35 శాతం రై ఉన్నది మరొకటి. ఒక్కొక్కదానికీ ఐదు రకాల ఈస్ట్‌లు. మొత్తం పది వంటకాలు. ఒక ఈస్ట్ పూల వాసన వైపు మొగ్గితే మరొకటి పండ్ల వైపు, ఇంకొకటి మసాలా వైపు మొగ్గుతుంది. వారి స్మాల్ బ్యాచ్‌లో నాలుగు వంటకాలు కలుస్తాయి, ఒక్క పీపా నుంచే నింపే సింగిల్ బారెల్‌లో ఒక్కటే ఉంటుంది. పోల్చి నేర్చుకోవాలనుకునేవారికి ఈ జంటను మించిన పాఠం నాకు తెలియదు. వంటకాల తేడా మినహా నీరు, గోదాము, చేతులు అన్నీ ఒకటే.

అయితే ఆ జంటలో ఒక చిక్కు ఉంది. స్మాల్ బ్యాచ్ 45 శాతం గాఢత, సింగిల్ బారెల్ 50 శాతం. ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కన పెడితే మనం పోల్చేది వంటకాన్ని కాదు, ఘాటును. 2002లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, మిరపకాయ కారానికి స్పందించే నాడీ గ్రాహకమే ఆల్కహాల్‌కూ స్పందిస్తుంది. మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ వేడికి మేల్కొనే ఆ గ్రాహకం, ఆల్కహాల్ తగిలినప్పుడు 34 డిగ్రీలకే, అంటే నోటి సొంత వేడికే మేల్కొంటుంది. విస్కీ గొంతులో మండడం ఉపమానం కాదు, నాడులకు అది నిజంగా వేడే. గుంటూరు మిరపకాయ పచ్చడి తరువాత పప్పు రుచి తెలియనట్లే, గాఢమైన విస్కీ తరువాత పలుచనిది చప్పగా తోస్తుంది. అందుకని 45 మిల్లీలీటర్ల సింగిల్ బారెల్‌కు 5 మిల్లీలీటర్ల నీరు కలిపి రెండింటినీ ఒకే మెట్టుకు తెచ్చుకోవాలి. ఇదే కారణంగా 40 శాతం ఉండే బేసిల్ హేడెన్‌ను 60 శాతం దాటే బుకర్స్ తరువాత రుచి చూసి దాని మీద తీర్పు చెప్పడం అన్యాయం.

నీళ్లు కలపడం వల్ల వాసన విచ్చుకుంటుందని విస్కీ ప్రియులు ఎప్పటినుంచో చెబుతున్న మాటకు 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో ఒక వివరణ ఇచ్చారు. గ్వాయకాల్ వంటి అణువులు పలుచని ద్రవంలో ఆల్కహాల్‌తోపాటు ఉపరితలానికి చేరతాయి, గాఢమైన ద్రవంలో ఆల్కహాల్ అణువులు వాటిని చుట్టుముట్టి లోపలే ఉంచుతాయి.

రుచి చూసే పద్ధతికి వస్తే, నడుము వెడల్పై మూతి సన్నగా ఉన్న గ్లాసులో 15 మిల్లీలీటర్లు చాలు. ముక్కును గ్లాసులోకి దూర్చకుండా అంచుకు కాస్త ఎడంగా పెట్టి, పెదవులు కొద్దిగా తెరిచి పీల్చాలి. చిన్న గుక్కను నాలుకంతా తిప్పి ఉమ్మేసి, నోరు మూసి ముక్కుతో గాలి వదలాలి. మనం రుచి అనుకునేదానిలో చాలాభాగం గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే కనుక ఉమ్మినా పోయేది తక్కువ. వృత్తిగా చేసేవారు ఉమ్మే తీరతారు. రోజుకు పదుల సంఖ్యలో నమూనాలు చూడాలంటే మరో దారి లేదు. పైగా ఆల్కహాల్ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవాటిలో ఉన్న పదార్థం.

అన్నిటికన్నా ముఖ్యం పేర్లు దాచడం. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైంది. చదువుకున్న ముక్కునే రంగు అంతగా నడిపించినప్పుడు, సీసా ధర, లేబుల్ మనల్ని నడిపించవని అనుకోలేం. కనుక ఇంకొకరిని పిలిచి, మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒక విస్కీని, ఒకదానిలో మరో విస్కీని పోయమని చెప్పి, వాటిలో వేరైనదాన్ని గుర్తించాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. వరసలు మార్చి ఆరుసార్లు చేసి, కనీసం ఐదుసార్లు సరిగా చెప్పగలిగితే అది అదృష్టం వల్ల జరిగే అవకాశం 2 శాతం లోపే. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతే రెండింటిలో ఏది మేలన్న చర్చకు అర్థం ఉంటుంది.

తేడా తెలిశాక దానికి మాట కావాలి. అమెరికన్ల నోట్స్‌లో బటర్‌స్కాచ్, తోలు, ఎండిన చెర్రీ వంటివి ఉంటాయి. అవి వారి వంటింటి జ్ఞాపకాలు. మన ముక్కుకు మనదైన కోశం ఉంది. అరిసెల పాకం ముదురుతున్నప్పటి వాసన, ఎండుకొబ్బరి చిప్పను గీరినప్పటి వాసన, మాగిన అరటిపండు, బిర్యానీలో నలిగిన లవంగం వంటివి దానిలో ఉన్నాయి. వీటిలో అరటిపండు వాసన ఈస్ట్ పుట్టించే ఎస్టర్ అనే వాసన పదార్థానిది, కొబ్బరి, లవంగం కలపవి, పాకం మంటది. ఈ మాటలతో రాసుకుంటే ఏ వాసన ఏ దశలో పుట్టిందో కూడా అదే వాక్యం చెప్పేస్తుంది.

కంటికి కనిపించే తేడా కూడా ఒకటి ఉంది. కెంటకీలోనే ఉన్న లూయీవిల్ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ విలియమ్స్ బృందం, బోర్బన్‌ను సుమారు 25 శాతానికి పలుచన చేసి ఒక సూక్ష్మబిందువును గాజు మీద ఆరనిస్తే, సాలెగూడు వంటి గీతలు మిగులుతాయని చూపింది. కొత్తగా కాల్చిన పీపా నుంచి దిగిన, నీటిలో సరిగా కరగని పదార్థాలు బిందువు ఉపరితలం మీద పొరగా చేరి, బిందువు కుంచించుకుపోతున్నకొద్దీ ముడతలు పడటం వల్ల ఆ గూడు ఏర్పడుతుంది. పాత పీపాల్లో పెరిగే స్కాచ్‌కు ఇది రాలేదు. ఒక్కో బ్రాండ్‌కు గూడు ఒక్కో తీరుగా ఉండటం 2020లో ప్రచురితమైన వారి పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న విషయం.

సూక్ష్మదర్శిని లేనివారికీ ఒక దారి ఉంది. రుచి చూడటం ముగిశాక గ్లాసులను కడగకుండా, ఒక్కొక్కదాని కింద పేరు రాసిన చీటీ పెట్టి అలాగే ఉంచేయాలి. మరునాటి పొద్దున్నకు ఆల్కహాల్ ఎగిరిపోయి ఉంటుంది, దానితోపాటు అరటిపండు వంటి తేలిక వాసనలూ పోతాయి. గ్లాసు అడుగున పలుచని గోధుమరంగు వలయం, దాని మీద వానిల్లా, ఎండుకొబ్బరి, కాలిన చెక్క వాసన నిలుస్తాయి. రాత్రి వరకు ఘాటు చాటున ఉన్న పీపా ఒక్కటే అప్పుడు గ్లాసులో మిగిలి ఉంటుంది. రెండు గ్లాసులను మార్చి మార్చి వాసన చూస్తే, ఏ పీపాలు ఎంత కాలాయో తెలుస్తుంది.